నాటిందాన్ని తొక్కకు

"మామ్మ ఇంక లేదే" అన్నారు మా ఆయన ఫోనులో. భీమవరం ఆస్పత్రి బయట నిలబడి మాట్లాడుతున్నట్టున్నారు, వెనకాల ఆటోల రొద. కొంచెం ఆగి, "ఊడ్పులు ఆపొద్దంది. నీకు చెప్పమంది" అన్నారు.

ఊడ్పులంటే మా గోదావరి వైపు వరి నాట్లు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. తడి చీర భుజం మీద వేసుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. రేపు చేలోకి వచ్చేవాళ్ళకు ఎవరు కబురు చెప్పాలి అన్నదే ముందు తోచింది. ఆవిడ దగ్గర మసలినవాళ్ళకు పని ముందు, ఏడుపు తరవాత.

మామ్మగారంటే మా ఆయనకు నాన్నమ్మ. మా అత్తమామలు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. చదువు ఏడో తరగతితో ఆగింది. ఆవిడ గురించి చక్కగా రాయగలిగినవాళ్ళు బంధువుల్లో చాలామంది ఉన్నారు. అయినా నేనే రాస్తున్నాను. ఎందుకంటే ఆవిడ నా చేత ఒక నవల పూర్తి చేయించారు. అది మంచి నవలని నేను చెప్పను. పూర్తయిన నవల అని మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

మా పుట్టిల్లు ద్రాక్షారామం. గుడి వీధిలో మా నాన్నకు కొబ్బరికాయల కొట్టు. నాకు బియ్యం తెలుసు గానీ వరి తెలియదు. కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఊడ్పులు చూద్దామని మామ్మగారి వెంట వెళ్ళాను. ఆవిడ తన నల్ల గొడుగును గట్టు మీద గుచ్చి, దాని పక్కన నిలబడి అందరినీ కేకలేస్తున్నారు. నన్ను చూసి, "ఏమే కొత్తకోడలా, సినిమా అనుకున్నావా నిలబడి చూడ్డానికి? దిగు" అన్నారు.

దిగాను. ఒక చేతిలో నారు కట్ట పట్టుకుని, రెండో చేత్తో కొన్నేసి మొక్కలు కలిపి బురదలో గుచ్చుతూ వెనక్కి నడవాలి. అలా గుచ్చిన ఒక్కో గుంపును కుదురు అంటారు. కొంత దూరం పోయాక తలెత్తి చూశాను. పక్కవాళ్ళ వరసలు బాగానే ఉన్నాయి. నాది పాము పాకినట్టు ఉంది. అంతకంటే ఘోరం, నేను పెట్టిన మొట్టమొదటి కుదురే ఊడిపోయి నీళ్ళ మీద తేలుతోంది. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. ఎవరూ చూడకముందే సర్దేద్దామని గబగబా ముందుకు నడిచాను. ఆ కుదురు దగ్గరకు చేరేసరికి నేను నాటినవన్నీ నా కాళ్ళ కిందే బురదలో కలిసిపోయాయి. పక్కావిడ నాటినవి కూడా కొన్ని పోయాయి.

చేనంతా ఒక్కసారి నవ్వింది. "ఇంక ట్రాక్టరెందుకండీ మామ్మగారూ, మీ కోడలుగారే దమ్ము చేసేత్తన్నారు!" అని ఎవరో అరిచారు. నాట్లకు ముందు చేను బురదగా తొక్కించడాన్ని దమ్ము అంటారు.

మామ్మగారు నవ్వలేదు. "ఒసే పిల్లా, ఊడ్చేవాళ్ళు ముందుకి రాకూడదే. ముందుకొస్తే నువ్వు నాటిందే తొక్కుతావు."

"అది ఊడిపోయిందండి..."

"ఊడితే ఊడనీ. నాలుగు రోజులు పోయాక పోయినచోటల్లా మళ్ళీ ఒకటి గుచ్చుకుంటాం. దానికి వేరే అదునుంది. ఇయ్యాళ వెనక్కే నడు. మడమకి గట్టు తగిలేదాకా తలెత్తకు."

ఆ రోజు అది వ్యవసాయం గురించే అనుకున్నాను.

మామ్మగారికి నిదానం అనేది లేదు. తాడు కట్టి దాని వెంబడి తిన్నగా నాటమని వ్యవసాయం ఆఫీసు నుంచి ఒకబ్బాయి వచ్చి చెబితే, "తాడు వెతికేలోపు పొద్దుగూకుద్ది బాబూ, అన్నం తిని వెళ్ళు" అని పంపించేశారు. మా చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులు అయిపోయాయి. మాది కూడా చెరువు చేసేయమని అడిగినవాళ్ళకు ఆవిడ ఎప్పుడూ ఒకటే జవాబు: "మీరు చెయ్యండి, నేను చూత్తాను." బీపీకి ఉప్పు మానేయమంటే డాక్టరు ముందు తలూపి, ఇంటికొచ్చి ఆవకాయ జాడీ దగ్గరకు తిన్నగా వెళ్ళేవారు. ఆ ఒక్క నడకే ఆవిడకు తిన్నగా ఉండేది.

తరవాత సుగరు వల్ల ఆవిడకు చూపు పోయింది. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. అప్పటి నుంచి వారపత్రికలో వచ్చే సీరియల్ నేను చదివి వినిపించేదాన్ని. ఊళ్ళో నాకు ఒకరితో గొంతు విప్పి మాట్లాడే అవకాశం అదొక్కటే. భోజనాలయ్యాక ఆవిడ అరుగు మీద మంచం వేయించుకుని, "ఊఁ, కానీ" అనేవారు. మధ్యలో కథలోవాళ్ళను తిట్టేవారు. "దానికి బుద్ధి లేదే, వాడి మాట నమ్ముద్దా!" అని నన్నే కోప్పడేవారు, నేను రాసినట్టు.

ఒకసారి ఆ పత్రిక రావడం ఆగిపోయింది. సీరియల్ సగంలో ఉంది. మా ఆయన భీమవరంలో వాకబు చేసి వచ్చి, "ఇంక రాదు మామ్మా, మూసేశారంట" అన్నారు.

"మూసేస్తే? ఆ పిల్ల సంగతేంటి? అన్నం వడ్డించి విస్తరి లాక్కుంటారా ఎవరైనా?"

రెండు మూడు రోజులు ఆవిడ నిజంగానే సరిగ్గా తినలేదు. మూడో రోజో, నాలుగో రోజో అరుగు మీద నుంచి పిలిచి, "తరవాతేమైందో నువ్వు చెప్పు" అన్నారు.

"నాకేం తెలుసండి?"

"రాసినోడికి మాత్రం ఏం తెలుసు? చెప్పు."

చెప్పాను. నోటికి వచ్చింది చెప్పాను. ఆ కథ అయిపోయింది. "ఇంకోటి చెప్పు. ఈసారి రాసుకుని చెప్పు, నిన్న చెప్పింది ఇయ్యాళ మార్చేత్తన్నావ్" అన్నారు. అలా మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక పుట్టింటితో మాటలు తెగిపోయిన ఒకమ్మాయి, గోదావరి దాటి వెళ్ళి తన అన్నను "ఎందుకు మాట్లాడటం మానేశావు?" అని అడగాలనుకుంటుంది. కథ అంతే. మొదటి భాగంలో ఆ అమ్మాయి రేవులో నిలబడి పడవ కోసం చూస్తూ ఉంటుంది.

ఆ మొదటి భాగం చదివితే మామ్మగారికి నచ్చింది. అంతలో మా ఆయన అక్కగారు, నేను వదినగారు అంటాను, రాజమండ్రి నుంచి చూడటానికి వచ్చారు. ఆవిడ అక్కడ బళ్ళో టీచరు. నా కాగితాలు కనిపిస్తే, సంతోషపడి, ఎర్ర పెన్ను తీసి, తప్పు ఉన్నచోటల్లా గుండ్రాలు చుట్టి ఇచ్చారు. మంచి మనసుతోనే చుట్టారు. "బాగుందమ్మాయ్, ఇవి దిద్దుకుని మళ్ళీ రాయి" అన్నారు. కాగితం నిండా తట్టు పోసినట్టు ఉంది.

మళ్ళీ రాశాను. అక్షరాలు సరిపోయాయి గానీ మాటలు బాగాలేవనిపించింది. చించేశాను. మళ్ళీ రాశాను. గోదావరి గురించి రాసిన వాక్యం చప్పగా ఉందనిపించింది. చించేశాను. శీతాకాలం పోయి మామిడికాయలు వచ్చినా నేను మొదటి భాగంలోనే ఉన్నాను. ప్రతిసారీ ఆవిడకు చదివేదాన్ని. మొదట్లో ఓపికగా విన్నారు. ఒక రోజు దిండు కింద నుంచి విసనకర్ర తీసి మంచం కోడు మీద ఠప్పున కొట్టారు.

"ఆ పిల్ల ఇంకా రేవులోనే ఉందా? ఎన్నాళ్ళయిందే నిలబెట్టి? ఎండకి కళ్ళు తిరిగి నీళ్ళలో పడిపోద్ది. ఎక్కించు పడవ!"

"ముందిది బాగా రావాలి కదండీ."

"ఎవరన్నారు?"

"వదినగారు దిద్దుకోమన్నారు కదండీ."

"దానికి గవర్నమెంటోళ్ళు జీతం ఇచ్చేది దిద్దడానికి. నీకెవరిచ్చారే జీతం?" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "నాకు చూపు లేదు గానీ చెవులున్నాయి. రోజూ వంటింట్లో కాగితం చర్రుమని చింపుతున్నావ్. అది విన్నప్పుడల్లా నాకు నువ్వు ఆయేడు చేలో చేసిన పనే గుర్తొత్తంది. మళ్ళీ ముందుకొచ్చి తొక్కేత్తన్నావ్" అన్నారు.

ఆవిడ అంతటితో వదల్లేదు. నేను పుట్టకముందు సంగతి ఒకటి చెప్పారు. వరద వచ్చి ఊరంతా నారుమళ్ళు మునిగిపోయాయట. మిగిలిన నారు ముదిరిపోయి, పసుపుపచ్చగా, వంకర్లు తిరిగి ఉందట. అందరూ మంచి నారు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఊళ్ళ మీద పడి తిరిగారు. మామ్మగారు ఒక్కరే ఆ ముదురు నారునే ఊడ్పించారు. జనం నవ్వారు. "పంట ఎలా పండిందండి?" అని అడిగాను.

"ఏడిసినట్టు పండింది. కానీ పండింది. తిన్నాం." చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చేశారు. "చూడు, వంకరదైనా చేలో ఉంటే మొక్క. ఎంత పచ్చటిదైనా గట్టు మీద ఉంటే గడ్డే. నాకు ఆ పిల్ల కథ చివరిదాకా కావాలి. ఆ పత్రికోళ్ళలాగా నువ్వు కూడా సగంలో వదిలేత్తే ఊరుకోను. నేనెన్నాళ్ళుంటానో నీకేమైనా తెలుసా?"

అదే మాట నా మనసులో పడింది. ఆవిడకు కథలో మంచి వాక్యాలు అక్కర్లేదు. చివర కావాలి. ఆవిడ ఉండగా ఆ చివర రావాలి.

ఆ మర్నాడు ఆ అమ్మాయిని పడవ ఎక్కించాను. ఎలా ఎక్కించానో కూడా సరిగ్గా రాయలేదు. 'ఎక్కింది' అని రాశాను. తెలియని విషయం వచ్చినచోట ఆగకుండా, 'ఇక్కడ తుపాను గురించి రాయాలి' అని రాసి ముందుకు పోయాను. ఒక మనిషికి మొదట్లో పెట్టిన పేరు మధ్యలో మర్చిపోయి ఇంకో పేరు పెట్టాను. వెనక్కి వెళ్ళి చూడలేదు. చేయి ఊరుకునేది కాదు. రాసిన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చింపడానికి సిద్ధమైపోయేది. అప్పుడు అరుగు మీద నుంచి, "చప్పుడొత్తందా?" అని కేక వినిపించేది. "లేదండీ!" అని వంటింట్లోంచి అరిచేదాన్ని. మా ఆయన నవ్వేవారు. ఇంట్లో నేను అరవడం ఆయన వినడం అదే మొదటిసారి.

ఈ ఏడు వానాకాలం పంట, సార్వా ఊడ్పుల నాటికి ఒక్క భాగమే మిగిలింది. అమ్మాయి అన్న ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చేసింది. లోపలకు వెళ్ళాలి, అంతే. సరిగ్గా అక్కడ నాకు మళ్ళీ భయం వేసింది. ఇన్నాళ్ళూ ఎలా రాసినా చివరైనా బాగుండాలి కదా అనిపించింది. "రేపు చదువుతానండి, రేపు" అంటూ వచ్చాను.

ఆ రోజుల్లోనే ఆవిడ, చూపు లేకపోయినా, నడవలేకపోయినా, కుర్చీలో మోయించుకుని గట్టు మీదకు వచ్చారు. గొడుగు తనే గుచ్చుకున్నారు. నీళ్ళ చప్పుడు వినే ఎవరు ఎంత నాటారో చెబుతూ కేకలేశారు. మూల మడితో పాటు ఇంకా కొన్ని మళ్ళు మిగిలి ఉండగా ఆవిడ మాట తడబడింది. కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. బురద కాళ్ళతోనే అందరం కలిసి ఆటో ఎక్కించాం.

జనరల్ వార్డులో పడుకోబెట్టారు. మర్నాటికి మాట తిరిగి వచ్చింది. నేను మంచం పక్కన కూర్చోగానే, "వెళ్ళిందా లోపలికి?" అన్నారు.

"ఎవరండి?"

"ఎవరేంటే! ఆ పిల్ల!"

"ఇంకా రాయలేదండి. బాగా రాద్దామని..."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "రేపు నన్ను లోపల గదిలో వేత్తారంట. అక్కడికి మిమ్మల్ని రానివ్వరంట." అటు తిరిగి పడుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

వరండాలో మందుల షాపు ముందున్న బల్ల మీద కూర్చుని రాశాను. కాగితాల కింద మందుల సంచి పెట్టుకున్నాను. పక్కన ఒకాయన ఫోనులో రొయ్యల రేటు గురించి గట్టిగా అరుస్తూనే ఉన్నాడు. కొట్టివేతలు లేవు, చించడాలు లేవు. రాసిన పైవాక్యం కూడా చదవలేదు. ఆయన ఫోను పెట్టేసేసరికి నా కథ అయిపోయింది.

లోపలకు వచ్చి చదవడం మొదలుపెట్టాను. గొణుగుతూ చదివాను. "వినపడట్లేదే" అన్నారు మామ్మగారు. వార్డు నిండా జనం. కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కొంచెం పెంచాను. "ఇంకా" అన్నారు. ఇంకా పెంచాను. పక్క మంచం మీదావిడ కొడుకుతో మాట్లాడటం ఆపి ఇటు తిరిగింది. ఈ భాగంలోనూ రాసి వదిలేసిన 'ఇక్కడ తుపాను గురించి రాయాలి' అన్నది కూడా నోట్లోంచి వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను.

"తుపాను నాకు తెలుసులే. ముందుకెళ్ళు" అన్నారు మామ్మగారు.

అమ్మాయి లోపలకు వెళుతుంది. అన్న ఏమీ అనడు. వదిన అన్నం పెడుతుంది. అమ్మాయి అడగాలనుకున్నది అడుగుతుంది. అతను తల వంచుకుంటాడు, జవాబు చెప్పడు. ఆమె తిని, కంచం కడిగి బోర్లించి, వచ్చిన పడవలోనే తిరిగి వెళ్ళిపోతుంది.

"అదేంటమ్మా! అన్న ఏడవలేదా?" అంది పక్క మంచం మీదావిడ.

"సినిమాల్లో ఏడుత్తారు" అన్నారు మామ్మగారు.

"మరి జవాబైనా చెప్పాలి కదండీ పెద్దమ్మగారూ. అంత దూరం వెళ్ళింది పాపం!"

"అడిగింది కదా. అడగడానికే వెళ్ళింది. అడిగేసింది." ఆవిడ కాసేపు ఆయాసపడ్డారు. తరవాత నా చేయి వెతికి పట్టుకున్నారు. "ఏమే, బాగోలేదు."

"ఆయ్" అని ఒప్పుకున్నాను.

"కానీ అయ్యింది" అన్నారు. "గట్టు తగిలింది. ఇంక నీ ఇష్టం, వెళ్ళి పోయినవి పోయినచోట గుచ్చుకో." నా వేళ్ళ మీద సిరా అంటుకుందేమో అన్నట్టు బొటనవేలితో రుద్దారు. అంతే. మెచ్చుకోవడం ఆవిడకు రాదు.

మర్నాడు నేను చేను సంగతి చూడటానికి ఇంటికి వచ్చాక ఆవిడను లోపల గదిలోకి తీసుకెళ్ళారు. వెళుతూ మా ఆయనతో ఊడ్పుల మాట చెప్పారట. ఇంక నేను ఆవిడను ప్రాణంతో చూడలేదు.

పెద్దకార్యం రోజున ఇల్లంతా బంధువులు. నేను ఎప్పటిలాగే వంటింట్లో ఉన్నాను. వదినగారు వచ్చి కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయాయి. "హాస్పిటల్లో అందరి ముందూ చదివావంట కదా అమ్మాయ్. తప్పులతోనే చదివావా? ఒక్కసారి నాకు పంపితే దిద్ది ఇచ్చేదాన్ని కదా. మామ్మకి మంచిది వినిపించాల్సింది" అన్నారు.

ఇంకెప్పుడైనా అయితే తల వంచుకుని "ఆయ్" అనేదాన్ని. ఆ రోజు తల వంచలేదు.

"బాగోలేదని ఆవిడే చెప్పారు వదినగారూ. అయ్యిందని కూడా ఆవిడే చెప్పారు. మంచిది రాసేదాకా ఆగుంటే ఆవిడకు ఏదీ మిగిలేది కాదు."

గరిటె చప్పుళ్ళు ఆగిపోయాయి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వదినగారు నన్ను చూసి, "ఈ మాట మామ్మలాగే అన్నావ్" అన్నారు. మళ్ళీ ఏడ్చారు. కాగితాలు ఆవిడకు ఇస్తాను. ఎర్ర పెన్ను పట్టుకోనిస్తాను. దానికి ఇప్పుడు అదును వచ్చింది. ఆ గుండ్రాలు చూసి మాత్రం ఇంక ఏదీ చించను.

ఈ నాలుగు మాటలు కూడా నేను ఒక్కసారే రాశాను. తప్పులు మీకు కనిపిస్తే కనిపించనివ్వండి.

ఆవిడ చెప్పినట్టే ఊడ్పులు ఆగలేదు. మూల మడి ఒక్కటే వానల వల్ల మిగిలిపోయింది. పెద్దకార్యం అయిన మర్నాడు పొద్దున్నే ఊడ్పుల వాళ్ళతో పాటు నేనూ దిగాను. నారు ముదిరిపోయింది, ఆకుల చివర్లు పసుపు తిరిగాయి. "ఇది పనికొచ్చుద్దంటారా కోడలుగారూ?" అని ఒకావిడ అడిగింది. "చేలో ఉంటే మొక్కేనండి" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ మాట ఎవరిదో ఆవిడకూ తెలుసు.

వంగి గుచ్చుతూ వెనక్కి నడిచాను. తలెత్తలేదు. వెనక ఎంత ఉందో తెలియదు, ముందు నాటింది మాత్రమే కనిపిస్తూ ఉంది. నడుము విరిగిపోతోంది. అలా ఎంతసేపు నడిచానో, మడమకు చల్లగా తడి గడ్డి తగిలింది.

అప్పుడు తలెత్తాను. వరస వంకరగానే ఉంది. మొక్కలన్నీ వాలిపోయి, చచ్చిపోయినట్టు కనిపిస్తున్నాయి. కొత్తగా ఊడ్చిన చేను ఎప్పుడూ అలాగే ఉంటుంది, వేళ్ళు పట్టేదాకా. దూరంగా ఒక కుదురు ఊడి నీళ్ళ మీద తేలుతోంది. దాని వైపు వెళ్ళలేదు.

నా పక్కనే గట్టు మీద నల్ల గొడుగు గుచ్చి ఉంది. ఆవిడను ఆటో ఎక్కించిన రోజు నుంచి అక్కడే ఉండి, వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్ళీ తడిసింది. వంపు తిరిగిన పిడి మీద ఒక తూనీగ వాలి ఉంది. ఇన్నాళ్ళలో దాన్ని ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.